నదీముఖములను ధారవోసిన రాజు

రాజులను గూర్చి మాటలాడవలసి వచ్చినపుడు మన జనమునకు రెండు రోగములు కలవు. గద్దె కనబడినంతనే చేతులు జోడించుట యొకటి. గద్దె కూలినంతనే రాళ్లు రువ్వుట మఱియొకటి. రెండింటను విచారణ లేదు. విచారణ లేని భక్తియు, విచారణ లేని ద్వేషమును జాతికి ఒక్క తీరుననే చేటు దెచ్చును. మేము వకీలు వృత్తిలో నున్నవారము. ముద్దాయి యెంతటివాడైనను ముందు పత్రము చదువుట, పిమ్మట వాదము వినుట, తుదకు తీర్పు చెప్పుట మా యలవాటు. నేడు మేము చదువదలచిన పత్రము 1758 నవంబరు నెలలో వ్రాయబడినది. అందొక పక్షము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ. రెండవ పక్షము విజయనగర ప్రభువైన పూసపాటి ఆనంద గజపతిరాజు.

ముమ్మిడివరమున గూర్చుండి విజయనగరపు రాజుగారి కథ మనకేల యని చదువరులు శంకింపవచ్చును. శంక సహజమే. కాని ఆ పత్రములో మన ప్రసక్తి కలదు. విశాఖపట్టణము మొదలు మచిలీపట్టణము వఱకు గల సముద్రతీరపు రేవులును, నదీముఖములందలి పట్టణములును, వానికి జేరిన భూముల రాబడియు కంపెనీ వారికి చెందవలెనని అందు వ్రాసికొనిరి. ఒకమారు గౌతమి వంతెనపై నిలిచి చూడుడు. ఈ వైపున ఎదుర్లంక, ఆ వైపున యానాము, క్రింద సముద్రమునకు బోవుచున్న గోదావరి. ఈ రేవులను, వీనిని నమ్ముకొని బ్రతుకు పల్లెలను, ఇక్కడి యొక్క మనుజునైన అడుగకయే యొక రాజు పరదేశపు వర్తకునికి ధారవోసెను. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లన్న సామెత యీ పత్రమునకు సరిపడినట్లు మఱి దేనికిని సరిపడదు.

ఆ పత్రము పుట్టిన తెఱగు తెలియవలెనన్న కొంత వెనుకకు బోవలెను. 1753 లో నైజాము గద్దెపైనున్న సలాబతుజంగు, తన్ను నిలువబెట్టిన ఫ్రెంచి సైన్యమునకు జీతముల క్రింద ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు అను నాలుగు సర్కారులను బుస్సీకి వదలుకొనెను. బుస్సీ ప్రాపు సంపాదించినవాడు విజయనగరమున పెదవిజయరామరాజు. బొబ్బిలివారితో తనకు గల వంశవైరమును ఆయన తన కత్తితో తీర్చుకొనలేదు. ఫ్రెంచి ఫిరంగులతో తీర్చుకొనెను. 1757 జనవరి 24 వ తేదీన బొబ్బిలి కోట భస్మమయ్యెను. కొలది దినములకే తాండ్ర పాపయ్య కత్తికి విజయరామరాజు తన డేరాలోనే బలియయ్యెను. ఇంతవఱకు జంగముల తంబురాపై తెలుగుదేశమంతయు విన్న కథయే.

వినని కథ ఆపైన నున్నది. చచ్చిన రాజునకు సంతానము లేదు. దాయాది వరుసయైన ఆనందరాజు గద్దెనెక్కెను. పెదవిజయరామరాజునకు ఫ్రెంచివారి యొద్ద గల పరపతి యీయనకు దక్కలేదు. బుస్సీపై కినుక బలిసెను. ఆ 1757 లోనే బుస్సీ మాధవాయపాలెము, బండమూర్లంక, ఇంజరము అను గోదావరీతీరపు ఇంగ్లీషు కొఠీలను పట్టుకొని, విశాఖపట్టణమును గూడ లోగొనెను. బండమూర్లంక మన కోనసీమలోనిది. ఇంజరము గౌతమి కావలిది. నేతగాండ్ర బట్టలకు పేరుపడినది. తెలుగు మగ్గము నేసిన బట్టకై తెలుగు రేవున ఇరువురు పరదేశులు పోరాడుచుండ, మన ప్రభువునకు దోచిన యుపాయ మేమి? ఒకనిని వెడలగొట్టుటకు రెండవవానిని పిలుచుట! ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొనుట యని దీనినే పెద్దలనిరి.

1758 లో లాలీ యాజ్ఞపై బుస్సీ దక్షిణమునకు వెడలిపోగా కాన్‌ఫ్లాన్సు అనునాతడు సర్కారులలో ఫ్రెంచి సేనాని యయ్యెను. ఆనందరాజు అదను గనిపెట్టెను. ముందు చెన్నపట్టణపు ఇంగ్లీషువారిని సాయమడిగెను. వారు తమ నెత్తిమీది కుంపటితోనే సతమతమగుచు సాయమీయజాలమనిరి. పిమ్మట కలకత్తాకు వ్రాసెను. అంతలో విశాఖపట్టణముపై బడి, అందలి ఫ్రెంచి యధికారిని చెఱబట్టి, కోటపై ఇంగ్లీషువారి జెండా నెత్తించెను. చదువరులారా, ఈ ముక్క మఱియొకసారి చదువుడు. తెలుగు రాజు తెలుగు రేవును గెలిచి, దానిపై తన జెండా నెత్తలేదు. ఇంకను రాని యతిథికై యింటి తాళపుచెవులు చేతబట్టుకొని వాకిట నిలువబడెను.

కలకత్తాలో ఆలోచన సభవారు పలువురు వలదన్నను క్లైవు వినక కర్నలు ఫోర్డును పంపెను. ఏల పంపెను? పూసపాటివారిపై ప్రేమచేతనా? కాదు. లాలీ చెన్నపట్టణముపైకి రానున్నాడు. సర్కారులలో మంట పెట్టినచో ఫ్రెంచివారి బలము చీలిపోవును. సర్కారుల రాబడి వారికి దక్కకుండును. ప్లాసీ జరిగి యప్పటికి సంవత్సరము దాటినది. ఇంటి తగవులో నొక పక్షము వహించి యింటినే కాజేయు విద్యను కంపెనీవారు వంగదేశమున సాధనచేసి యుండిరి. అక్టోబరులో ఫోర్డు సుమారు 500 మంది తెల్లవారితోను, 2,000 మంది సిపాయిలతోను విశాఖలో దిగెను. కసింకోటయొద్ద రాజుగారి సేన కలిసికొనెను. ఆండ్రూసు అను కంపెనీ యుద్యోగి వచ్చి పత్రము కుదిర్చెను.

దాని షరతు లివి. సేన ఖర్చులకు రాజు నెలకు 50,000 రూపాయలును, అధికారుల భత్యములకు నెలకు 6,000 రూపాయలును ఈయవలెను. కొల్లసొమ్ము చెరిసగము. గెలిచిన లోపలి దేశము రాజుది. సముద్రతీరమును నదీముఖములును కంపెనీవి. వకీళ్ల బల్లమీద ఈ కాగితము బెట్టినచో మొదటి ప్రశ్న యేమి? అమ్ముచున్నవానికి హక్కున్నదా? లేదు. మచిలీపట్టణము ఆనందరాజుది కాదు. గోదావరి ముఖములు ఆయన తాతముత్తాతలవి కావు. రెండవ ప్రశ్న: ప్రతిఫల మెవరికి? ఒక వంశమునకు. మూడవ ప్రశ్న: భార మెవరిపై? నెలకు 56,000 రూపాయలు రాజుగారి నగలనుండి రాలవు. రైతు కళ్లమునుండి రాలవలెను. నాలుగవ ప్రశ్న: పాళ్లు సమములేనా? రేవులు పోయినవానికి లోపలి దేశ మెందులకు? కొబ్బరికాయలో నీళ్లు కంపెనీకి, డొక్క ప్రభువునకు. ఎగుమతి బట్ట, ఉప్పు, ఓడల సుంకము, తుదకు మఱియొక పరదేశిని పిలుచుకొను దారియు ఒక్క గీతతో చేజారిపోయినవి.

ఇక యుద్ధము. అదే డిసెంబరులో పిఠాపురము చేరువనున్న చందుర్తి పొలములలో ఫోర్డునకు, కాన్‌ఫ్లాన్సునకు పోరు జరిగెను. ఇంగ్లీషు గ్రంథములలో ఇది కాండూరు యుద్ధము. ఆనందరాజు సేనలో 500 గుఱ్ఱములు, సుమారు 5,000 కాల్బలము. అందు కొందఱికి పనికిమాలిన తుపాకులు, తక్కినవారికి బల్లెములు, విల్లులు. ఎఱ్ఱని దుస్తులు దొడిగిన ఇంగ్లీషు సిపాయిలను జూచి ఫ్రెంచివారు అదియే తెల్లదళమని భ్రమసి వారిపై బడిరి. ఎత్తైన పైరు మాటుననున్న అసలు తెల్లదళము వారి ప్రక్కను దాకెను. కాన్‌ఫ్లాన్సు రాజమహేంద్రవరమునకు పరుగెత్తెను. మన ప్రభువు ఎక్కడ నుండెను? సేనతోగూడ ఎండిన చెరువు గోతిలో గుండ్లకు దాగి, ముందునకు రమ్మని ఫోర్డు ఎంత ప్రార్థించినను కదలకుండెను. ఈ మాట శత్రువు వ్రాసినది కాదు. ఆయన మిత్రపక్షపు చరిత్రకారులు వ్రాసికొన్నదే.

ఆ గోతిలో దాగిన కాల్బలమును మేము నిందింపము. విల్లుబట్టిన పల్లెవాడు ఫిరంగి కెదురు నిలువకుండుట పిఱికితనము కాదు. అతనికి తుపాకి యీయక, కవాతు నేర్పక, తనది కాని తగవునకు అతనిని లాగుకొనివచ్చిన రాజుదే తప్పు. నిందింపవలసినది మఱియొకటి. ఆ దినమున ఇరువైపుల ముందు నిలిచి చచ్చినవారిలో పెక్కుమంది యీ దేశపు సిపాయిలే. ఎవరి జెండా నెగ్గినను తమ గ్రామమునకు మిగులునది పన్నే. ఆ సంగతి వారికి చెప్పినవాడు లేడు.

విజయము వచ్చెను, డబ్బు రాలేదు. ఒప్పుకొన్న సొమ్ము ఈయక రాజు సాకులు చెప్పుచుండ ఫోర్డు సేన జనవరి చివరి వఱకు చిక్కువడి నిలిచిపోయెను. ఆ జాగున ఫ్రెంచివారు మచిలీపట్టణమున కుదుటబడిరి. తుదకు షరతులు మార్చిరి. రాజు ఇచ్చుసొమ్ము అప్పుగా నెంచబడునట్లును, గెలిచిన దేశపు రాబడి చెరిసగ మగునట్లును క్రొత్త కట్టడి జరిగెను. తరువాత మచిలీపట్టణపు ముట్టడిలో సలాబతుజంగు సేన వచ్చుచున్నదని వినగానే ఆనందరాజు డేరా విప్పి యింటిదారి పట్టెను. దారిలో చిక్కుదువని చెప్పి ఫోర్డు వెనుకకు రప్పింపవలసివచ్చెను. 1759 ఏప్రిలు 7 వ తేది రాత్రి కోటపై దాడి జరిగెను. తెల్లవారుసరికి కోట ఇంగ్లీషువారిది.

మే 14 వ తేదీన సలాబతుజంగుతో ఫోర్డు సంధి చేసికొనెను. మచిలీపట్టణమును దాని జిల్లాలును, నిజాంపట్టణమును కంపెనీకి ఇనాముగా వచ్చినవి. ఫ్రెంచివారిని వెడలగొట్టుట కుదిరినది. మఱి యానందరాజునకో? ఆ యేటి వసూళ్లకు లెక్క యడుగరట! ముందటి సంవత్సరము మొదలు తండ్రితాతలు చెల్లించిన రీతినే పేష్కస్సు చెల్లింపవలెనట! గెలిచిన దేశమంతయు నీదే యని వ్రాసియిచ్చిన మిత్రుడు, పని తీఱగానే అతనిని మునుపటి వాకిటనే నిలువబెట్టెను. ధారవోసిన తీరము మాత్రము తిరిగి రాలేదు. కొలదికాలమునకే ఆనందరాజు రాజమహేంద్రవరమున మశూచికముచే మరణించెను. ఆయన సైనిక జీవితమును, రాజకీయ జీవితమును కలిపి రెండు మూడేండ్లు దాటవు. ఆ కొద్దికాలపు పని ఫలము నూటతొంబది యేండ్లు మనము కుడిచితిమి.

ప్రతివాదమును వినకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు. నాడు దేశమను భావమే లేదు, కనుక దేశద్రోహమను మాట పొసగదని కొందఱందురు. ఒప్పుకొందము. ద్రోహి యను మాట మేమును వాడలేదు. కాని దేశభావము లేకున్నను రాజధర్మ ముండెను గదా! ప్రజ లిచ్చు పన్నునకు బదులు ప్రజలను గాచుట క్రొత్తగా సీమనుండి దిగిన ధర్మమా? ముల్లును ముల్లుతో దీయుట రాజనీతి యని మఱికొందఱందురు. సరియే. ముల్లుతో ముల్లు దీయువాడు రెండవ ముల్లును వ్రేళ్ల నడుమ గట్టిగా బట్టుకొనవలెను. ధనము లేక, తర్ఫీదైన సేన లేక, రేవులు వదలుకొని పిలిచినవాడు ముల్లు తీయుట లేదు. కాలు చాచి పొడిపించుకొనుచున్నాడు.

ఆ వంశము విద్యకు, సాహిత్యమునకు చేసిన మేలు మఱచితిరా యని మూడవ వాదము. మఱువలేదు. కన్యాశుల్కమును గురజాడ యంకితమిచ్చినది ఇదే పేరుగల మఱియొక ఆనంద గజపతికి. ఆయన పందొమ్మిదవ శతాబ్దివాడు. ఒకని పుణ్యము మఱియొకని ఖాతాకు మార్చుట లెక్కలవానికి తగదు. మేలునకు నమస్కరింతము. చేవ్రాలునకు జవాబడుగుదము. రెండును చేయగలిగినవాడే పౌరుడు. ఒక్కటే చేయువాడు భటుడో, భట్రాజో యగును.

ఇక ఫలశ్రుతి వినుడు. 1765 లో మొగలు చక్రవర్తి ఫర్మానాతోను, 1766 లో నైజాముతోడి సంధితోను ఉత్తర సర్కారులు కంపెనీ పాలయినవి. ఆనందరాజు వెనుక గద్దెకు వచ్చిన బాలుడు చిన విజయరామరాజు. సర్వాధికారము చెలాయించినవాడు ఆతని సవతి యన్న సీతారామరాజు. అన్నదమ్ముల యీ తగవునను కంపెనీ తీర్పరి యయ్యెను. 1778 లో గవర్నరు రంబోల్డు జమీందారులను చెన్నపట్టణమునకు పిలిపించి, తమ్ముడు వలదన్నను అన్ననే దివానుగా అతనిపై రుద్దెను. ఆ వ్యవహారము లండనులోని కంపెనీ డైరెక్టర్లకే రోత పుట్టించినదన్న తక్కిన దూహించుకొనవచ్చును. పిల్లుల తగవున రొట్టెముక్క కోతి పాలయ్యెను.

పిమ్మట బకాయిలు పెరిగినవి, సేనను తగ్గింపుమన్నారు, 1793 లో జమీను జప్తుచేసిరి. నెలకు 1,200 రూపాయల భరణముపై విజయరామరాజును వెడలిపొమ్మనిరి. ఎచ్చటికి? మచిలీపట్టణమునకు! ఏ కోటను పట్టుటకు ఆనందరాజు పరదేశికి తోడుపోయెనో, ఆ పట్టణమే ఆ గద్దె వారసునకు ప్రవాసస్థల మయ్యెను. విజయరామరాజు పోలేదు. పద్మనాభమున నిలిచెను. 1794 జులై 10 వ తేది వేకువను కర్నలు ప్రెండర్‌గాస్టు సేన వచ్చిపడెను. గంటసేపైన పట్టలేదు. రాజును, ఆయనతో సుమారు 300 మందియు నేలగూలిరి. ఈయన చెరువు గోతిలో దాగలేదు, వెన్ను చూపలేదు. ఆ మరణమునకు మేము తలవంచుచున్నాము. కాని ఆయనను చంపిన తుపాకులు ఏ పిలుపుతో ఈ తీరమున దిగినవో మఱువజాలము. 1757 లో బొబ్బిలిపై ఫ్రెంచివారు, 1758 లో ఫ్రెంచివారిపై ఇంగ్లీషువారు, 1794 లో విజయనగరముపై ఆ యింగ్లీషువారే. ముప్పదియేడేండ్లలో చక్రము పూర్తిగా తిరిగివచ్చెను.

బొబ్బిలి కథకు మనము కంటతడి పెట్టుదుము. పద్మనాభమును తలచి నిట్టూర్తుము. నడుమనున్న కాగితమును మాత్రము చదువము. వీరమరణములు కంటికి గనబడును, పాటకు లొంగును. ఒడంబడికలు అట్లు కనబడవు. పెట్టెలో పడియుండి తరములను తినివేయును. చందుర్తిలో చచ్చినవారికంటె ఆ పత్రములోని నదీముఖము లన్న యొక్కమాటవలన చెడినవారే యెక్కువ. ఫ్రెంచివారిని వెడలగొట్టితిమని నాడు సంబరపడిరి. ఆ సంబరమును వెక్కిరించుచు గౌతమి యొడ్డున యానాములో ఫ్రెంచి జెండా 1954 వఱకు నిలిచియే యుండెను.

1948 నాటి చట్టముతో జమీందారీలు పోయినవి. గద్దెలు లేవు. కాని గద్దె గుణము పోయినదా? ఒకరి చేవ్రాలు పదిమంది బ్రతుకును బంధించు రోజు పోయినదా? రేవును గూర్చియో, లంకను గూర్చియో, నేలక్రింది నిధిని గూర్చియో ఒడంబడిక జరుగునపుడు అచ్చటి పల్లెకారుని, కౌలురైతును ముందడిగెదరా, వెనుక చెప్పెదరా? 1992 లో రాజ్యాంగమున జరిగిన డెబ్బదిమూడవ సవరణము గ్రామసభ యను పదమును శాసనమున కెక్కించినది. ఆనందరాజు కాలపు లంకవానికి లేని యాయుధము మనకు గలదు. తుప్పు పట్టించిన తప్పు ఇకమీద రాజులది కాదు, మనది.

కనుక కోనసీమ యువకులారా! పిఠాపురము దారిని బోవునపుడు చందుర్తి పొలము చూడుడు. పద్మనాభము పోయి మ్రొక్కుడు, మ్రొక్కదగినది. అంతతో నిలువక, 1758 నాటి ఆ షరతులను మీ తమ్ములకు, మీ పిల్లలకు చదివి వినిపింపుడు. నాయకుడు ఏ వంశమువాడని యడుగకుడు. ఎంత గంభీరముగా మాటలాడెనని యడుగకుడు. ఏ కాగితముపై సంతకము చేసెను, అందు ఎవరి సొమ్ము నెవరికి వ్రాసెను, వ్రాయుటకు ముందు ఎవరి నడిగెను అని యడుగుడు. ఈ మూడు ప్రశ్నలను నాడు అడిగినవాడు లేకపోవుటచేతనే నదీముఖములు పోయినవి. నేడు అడుగువాడున్నంతకాలము గోదావరి మనదే.